తనిఖీ పిల్లలు

తలుపు మీద 'పాళణాఘర్' అని మరాఠీలో పెద్ద అక్షరాలు. పనికొచ్చిన తల్లులు పసిపిల్లల్ని దించి పోవడానికి కట్టిన గది అది. లోపల గోడల మీద ఎర్ర కుందేళ్ళు, ఆకుపచ్చ చిలకలు, నాలుగు ఇనుప ఉయ్యాలలు, ఒక ఫ్యాను, మూత పెట్టిన స్టీలు బిందె. అన్నీ ఉన్నాయి, పిల్లలే లేరు. ముప్పై మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలో వాళ్ళ పిల్లలకు ఒక గది ఉండి తీరాలని చట్టం. గది కట్టమంది, కట్టారు. దాన్ని తెరిచి ఉంచమని కూడా చట్టం చెప్పింది గానీ, మేనేజరు గారు అంతవరకు చదివినట్టు లేదు.

మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గర, ఘుగ్గుస్ రోడ్డు మీది ఆ చిన్న సిమెంటు ఫ్యాక్టరీలో ఆ గదికి ఆయా మంగతాయి. ఆయా అన్నది జీతం ఇచ్చేటప్పటి మాట. రోజూ తెల్లారేసరికి ఆమె వెళ్ళేది మేనేజరు బంగళా వంటింటికి. అక్కడ పిండి కలపాలి, రొట్టెలు కాల్చాలి, అంట్లు తోమాలి, మేనేజరు భార్యకు నడుం పట్టేస్తే నూనె రాయాలి. గది తాళంచెవి కూడా ఆమె దగ్గర ఉండేది కాదు, టైమ్‌కీపర్ దత్తు బల్లసొరుగులో పడి ఉండేది.

భర్త జకరయ్య బట్టీ దగ్గర గోడ కూలి చనిపోయినప్పుడు, యూనియన్ వాళ్ళు శవాన్ని గేటు ముందు పెట్టుకుని కూర్చుంటే దొరికిన ఉద్యోగం అది. పర్మనెంటు! ఆ రోజుల్లో ఆ మాటకు ఎంత బలం ఉండేదో! తర్వాత కాలం మారింది. ఢిల్లీలో కంపెనీలకు తలుపులన్నీ బార్లా తెరిచారని పేపర్లో వేశారు, ఇక్కడ మాత్రం యూనియన్ ఆఫీసు తలుపు మూసుకుంది. కొత్తగా పనిలోకి వచ్చిన వాళ్ళందరూ ఠేకేదారు మనుషులే, కాంట్రాక్టు కూలీలు. రమ్మంటే రావాలి, వద్దంటే ఇంట్లో కూర్చోవాలి. మంగతాయి కోడలు రెబెక్కా కూడా అలా చేరిందే. రాళ్ళ గుట్ట దగ్గర తట్టలు మోసేది. కొడుకు లెవీ లారీ డ్రైవరు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. వాళ్ళందరి నెత్తిన ఉన్న రేకుల క్వార్టరు మంగతాయి పర్మనెంటు చలవే. అందుకే రొట్టెలు చేయమంటే చేసింది, నూనె రాయమంటే రాసింది, నోరు మాత్రం ఎత్తలేదు.

మనవడి పేరు యోనా. ఇంకా పారాడుతున్న పిల్లవాడు. తల్లితో పాటే పనికి పోయేవాడు. రాళ్ళ గుట్ట వెనక గోడకు మేకులు కొట్టి, తల్లులు ఖాళీ సిమెంటు సంచుల్ని ఉయ్యాలల్లా వేలాడదీసుకున్నారు. పక్కనే లారీలు, పైన దుమ్ము, రాళ్ళు పిండి చేసే యంత్రం మోత. అంత మోతలో పసివాళ్ళు ఎలా నిద్రపోతారని అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు. పొద్దున్నే వేలి కొసకు ఆవగింజలో సగం నల్లమందు అద్ది నాలుకకు రాస్తే పిల్లలు పగలంతా మెదలరు. ప్రతి తల్లీ చేసే పనే అది.

ఇంట్లో మాత్రం ఆ మాట ఎత్తకూడదు. ఒక ఆదివారం చర్చిలో పాస్టరు గారు, బిడ్డకు మందు పెట్టే తల్లి ప్రభువుకు జవాబు చెప్పుకోవాలని గట్టిగా కేకలేశాడు. ఆ సాయంత్రమే లెవీ భార్య చేత బైబిలు మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు. వేయించుకుని తను మాత్రం లారీ ఎక్కి నాగపూర్ పోయాడు. మహారాజు! బిడ్డను ఎవరు చూడాలి, తట్ట ఎవరు మోయాలి? రెబెక్కా చాటుగా పెట్టేది, మంగతాయి చూడనట్టు ముఖం తిప్పుకునేది. లెవీని తనూ అలాగే పెంచింది, రాజూరా వైపు పత్తి చేలల్లో. అత్తాకోడళ్ళ మధ్య అన్ని మాటలూ నడిచేవి, ఈ ఒక్కటి తప్ప.

ఒకరోజు సాయంత్రం దత్తు బంగళా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, రేపు తనిఖీ ఉన్నది. కొత్త మేడమంట. చంద్రపూర్ ఆఫీసుల చప్రాసి ఫోన్ జేసి చెప్పిండు."

"వస్తే రానియ్. ఎప్పటిలెక్క కాలనీ పిల్లల్ని తోల్కరా. బిస్కెట్ పుడ ఒకటి పట్కరా."

"కాలనీల తట్టు లేచింది. ఒక్క తల్లి గూడ పంపనంటున్నది. మా స్వప్నను తెస్త, వాచ్‌మన్ పోరన్ని తెస్త. గని పాలు తాగే పోరడు గావాలె. ఈ మేడం జర కిరికిరి మనిషంట, ఉయ్యాల ఖాళీగ గనవడితే ఊకోదంట." గొంతు తగ్గించి అన్నాడు. "నీ ఇంట్ల ఉన్నడు గదా అక్కా."

నిజానికి ఆమెకు కోపం రావాలి. ఇన్నాళ్ళూ ఆ ఉయ్యాలలకు నా మనవడు గుర్తురాలేదా అని నాలుగు కడిగేయాలి. రాలేదు. ఆమెకు సంతోషం వేసింది, అంతే! ఒక్క పూటైనా యోనా ఫ్యాను కింద తెల్లటి బట్ట మీద పడుకుంటాడు. ఆ ఊహకే ఆమె చేతిలో రొట్టె మాడిపోయింది.

రాత్రి అన్నాల దగ్గర చెప్పింది. "రేపు పొల్లగాడు నా దగ్గర ఉంటడు బిడ్డా. ఫ్యాన్ కింద పండుకుంటడు, నవాబు లెక్క."

రెబెక్కా నవ్వింది. "మంచి అంగీ ఉన్నది, తొడిగి పంపుత అత్తమ్మా."

మందు పెట్టకు అని చెప్పాలనుకుంది మంగతాయి. మాట నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే, రోజూ పెడుతున్నావని నాకు తెలుసు అన్నట్టే కదా. ఒట్టు తప్పావని కోడలి ముఖం మీద అన్నట్టే కదా. మింగేసింది.

పొద్దున బంగళాలో టిఫిను పని ముగించుకుని రాళ్ళ గుట్ట దగ్గరికి పోయింది. రెబెక్కా తట్ట నెత్తిన పెట్టుకుని వరసలో ఉంది, దూరం నుంచే చెయ్యి ఊపింది. సంచిలో యోనా కళ్ళు తెరిచి, ముక్కు నలుపుకుంటూ గునుస్తున్నాడు. ఇవాళ కోడలు పెట్టలేదు, నాతో ఉంటాడని ఊరుకుంది అనుకుంది మంగతాయి. అడిగితే అయిపోయేది. నాలుగడుగులు వేసి, పెట్టినవా బిడ్డా అంటే అయిపోయేది. ఆ నాలుగడుగులూ వేయలేదు.

గదిలో ముఖం కడిగి దుమ్ము తుడిచేసరికి వాడు గుక్క పట్టాడు. కొత్త చోటు, కొత్త వాసన. స్వప్న బిస్కెట్ చూపిస్తే ఇంకా బిగ్గరగా ఏడ్చాడు. అంతలో దత్తు పరుగున వచ్చాడు.

"అక్కా, గేటు కాడ దిగింది! సప్పుడు బంద్ జేపియ్యి. పోరడు నిన్ను జూసి గింతగనం ఏడిస్తే, ఆయా ఎవరో ఎరుకనే లేదనుకుంటది."

మంగతాయి కొంగు ముడిలో నల్లమందు ముక్క ఒకటి ఉంది, మోకాళ్ళ నొప్పికని గేటు ముందు ఆకువక్క అమ్మే లస్మవ్వ దగ్గర కొన్నది. గోటితో గిల్లింది. వేలి కొస పిల్లవాడి నోట్లో పెట్టింది. కాసేపటికి ఏడుపు సన్నబడింది, తర్వాత ఆగిపోయింది. తల్లి పొద్దున పెట్టిన మందు అప్పుడప్పుడే ఎక్కుతోందని, దాని మీద తను ఇంకొంత పెట్టిందని ఆమెకు తెలియదు.

ఇన్‌స్పెక్టర్ పేరు అర్చనా గాడ్గే. సన్నగా, ఎత్తుగా ఉంది. చేతిలో గొడుగు, భుజాన సంచి. కంపెనీ కారు పంపుతామంటే వద్దని సర్కారు ఎస్.టి. బస్సులో వచ్చింది. సమోసా ముట్టలేదు, టీ తాగలేదు. మేనేజరుకు అప్పుడే చెమటలు పట్టాయి. అయినా నవ్వు మొహం పెట్టుకుని అన్నాడు. "దేశమంతా ఫ్రీ అయిపోతోంది మేడం. ఇంకొన్నాళ్ళు పోతే ఈ తనిఖీలే ఉండవట."

"ఆ రోజు వచ్చేదాకా నన్ను పని చేసుకోనివ్వండి" అని ఆమె గదిలోకి వచ్చి, పిల్లల పీట మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

ఉయ్యాలలోకి చూసింది. "వీడి తల్లి పాలివ్వడానికి ఎప్పుడొస్తుంది?"

"వస్తది బాయి. ఇప్పుడొస్తది" అంది మంగతాయి తనకు వచ్చిన మరాఠీలో.

"సరే. వచ్చేదాకా కూర్చుంటాను."

కూర్చుంది మహాతల్లి! ముందు వచ్చిన ఇన్‌స్పెక్టర్లు గుమ్మంలో నిలబడి గోడ మీది కుందేళ్ళను మెచ్చుకుని పోయేవాళ్ళు. ఈమె కదలదు. స్వప్నతో ఆడింది, వాచ్‌మన్ కొడుకు చొక్కా గుండీ పెట్టింది, కిటికీలోంచి బయటికి చూసింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. మంగతాయి బిందె మూత తీసి పెట్టింది. దుప్పటి సర్దింది. కిటికీ తలుపు వేసి మళ్ళీ తీసింది. ప్రతిసారీ ఉయ్యాల మీదికి వంగి చూసి వస్తోంది. పిల్లవాడు పక్కకు ఒత్తిగిలడం లేదు. నోటి దగ్గర ఈగ వాలితే పెదవి కదలడం లేదు.

"చాలా బుద్ధిమంతుడు" అంది ఇన్‌స్పెక్టర్. "ఇంత అల్లరిలో కూడా లేవలేదు."

గుమ్మంలో దత్తు కళ్ళతోనే బతిమాలుతున్నాడు, ఊకో అక్కా, ఊకో అని. మంగతాయి దుప్పటి సర్దే నెపంతో పిల్లవాడి అరికాలు గిల్లింది. గట్టిగా గిల్లింది. కాలు వెనక్కి లాక్కోలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి వచ్చింది, ఆగింది, ఎంతకూ రాలేదు, మళ్ళీ వచ్చింది. పెదవుల చుట్టూ నీలం తిరుగుతోంది.

ఏం చెప్పమంటారు! అప్పుడు కూడా ఒక్క క్షణం ఆమెకు రేకుల క్వార్టరు కళ్ళ ముందు కదిలింది. సామాను బయట పడేసి ఉన్నట్టు, లెవీ తల పట్టుకుని కూర్చున్నట్టు. తర్వాత ఆ క్షణం గుర్తొచ్చినప్పుడల్లా తన మొహం తనే చూసుకోలేకపోయేది.

ఒక్క ఊపున పిల్లవాణ్ణి ఉయ్యాలలోంచి ఎత్తి గుండెకు హత్తుకుంది. "బాయీ! వీనికి నల్లమందు పెట్టిన బాయీ! అఫూ, అఫూ! లేస్తలేడు!" సగం మరాఠీ, సగం తెలుగు, ఏది ముందొస్తే అది. "నేను ఆయాను గాను. రొట్టెలు జేసేదాన్ని. వీడు నా మనుమడు. వీని తల్లి ఆడ రాళ్ళు మోస్తున్నది. దండం బెడత, దవాఖానకు తోల్కపోండ్రి!"

మేనేజరు ఏదో అనబోయాడు. ఇన్‌స్పెక్టర్ అతని వైపు చూడను కూడా చూడలేదు. "కారు" అంది. మేనేజరు అంబాసిడర్ రాళ్ళ గుట్ట పక్కనుంచి పోయింది. దత్తు అరుస్తుంటే రెబెక్కా తట్ట అక్కడే పడేసి, ఒంటి నిండా బూడిద రంగు దుమ్ముతో వెనక సీట్లోకి దూకింది.

చంద్రపూర్ సర్కారు దవాఖానలో కుర్ర డాక్టరు పిల్లవాడి కనురెప్పలు పైకెత్తి చూశాడు. "ఏం పెట్టారు? ఎంత పెట్టారు? నిజం చెప్పండి, లేకపోతే నేనేం చేయలేను."

అత్తాకోడళ్ళు ఇద్దరూ నేల చూశారు. ఆ ఇంట్లో ఎన్నడూ ఎత్తని మాట అది. ముందు రెబెక్కాయే నోరు తెరిచింది.

"పొద్దుగాల నేను పెట్టిన సాబ్. రోజు పెట్టేదే."

మంగతాయి కోడలి వైపు తిరిగింది. "నువ్వు... పెట్టినవా?" అంది. తర్వాత డాక్టరు వైపు తిరిగి, "నేను గూడ పెట్టిన సాబ్" అంది.

రెబెక్కా తలెత్తి అత్తను చూసిన చూపు గురించి చెప్పకపోవడమే మంచిది.

ఇంజెక్షన్లు ఇచ్చారు. పిల్లవాడి ముక్కు మీద రబ్బరు సంచి పెట్టి నర్సు ఒత్తుతూనే ఉంది. పొద్దు వాలే వేళకు యోనా కళ్ళు తెరిచి, వాంతి చేసుకుని, దవాఖాన అదిరేలా ఏడ్చాడు. మంగతాయి కూడా ఏడ్చింది. ఏడుస్తూ చేతులు చాచింది. రెబెక్కా పిల్లవాణ్ణి అటు భుజానికి మార్చుకుంది.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ చెప్పకుండా వచ్చి గోడకు వేలాడే సంచులన్నిటినీ చూసి పోయింది. కంపెనీ మీద కేసు పెట్టింది. కంపెనీ ఊరుకుంటుందా? మంగతాయి నౌకరీ పోయింది, క్వార్టరు పోయింది. ఠేకేదారు చంటిపిల్లల తల్లులందరినీ పనిలోంచి తీసేశాడు. పిల్లలే లేకపోతే గది ఎందుకు అని వాళ్ళ లెక్క. చట్టం ఏ తల్లుల కోసం వచ్చిందో, ఆ తల్లులే రోడ్డున పడ్డారు.

ఆ కోపమంతా మంగతాయి మీదికి మళ్ళింది. ఘుగ్గుస్‌లో అద్దెకు దొరికిన ఒంటిగదిలోకి చేరాక, నల్లా దగ్గర ఆమె బిందె పెడితే పక్కకు జరిపేవాళ్ళు. "నోరు ముయ్యలేకపోయినవా? మా కడుపు గొట్టినవ్!" అని సత్తమ్మ అనే ఆమె ముఖం మీదే అడిగింది. సత్తమ్మ బిడ్డ కూడా ఆ సంచుల్లో పడుకున్నదే. మంగతాయి ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. నిజం చెప్తే మంచే జరుగుతుందని పాస్టరు గారు అన్నాడే! ఎవరికి జరిగిందో మరి.

అదంతా ఒక ఎత్తు, ఇంట్లో జరిగేది ఒక ఎత్తు. రెబెక్కా తిట్టలేదు, అరవలేదు. అన్నం వడ్డించేది, దుప్పటి పరిచేది. పిల్లవాణ్ణి మాత్రం అత్త చేతికి ఇవ్వలేదు. నీళ్ళకు పోయినా చంకన వేసుకునే పోయేది. ఆ చిన్న గదిలో వాడు పాకుతూ నాయనమ్మ వైపు వస్తే, చప్పుడు చేయకుండా లేచి వచ్చి ఎత్తుకునేది. మంగతాయికి ఒకచోట కూర్చోబుద్ధి కాదు, ఒకచోట నిలబడబుద్ధి కాదు. తుడిచిన నేలనే తుడిచేది, బయటికి పోయి లోపలికి వచ్చేది. ఒకసారి లెవీయే చూడలేక, "ఇయ్యి, అమ్మ జరసేపు ఎత్తుకుంటది" అన్నాడు. రెబెక్కా వినబడనట్టు ఊరుకుంది.

చంద్రపూర్ కోర్టులో మొదటి వాయిదాకు మంగతాయి సాక్ష్యం చెప్పింది. కంపెనీ వకీలు చాలా మర్యాదగా అడిగాడు. "సొంత మనవడికి విషం పెట్టింది నువ్వే కదమ్మా? ఇన్నేళ్ళూ ఆయానని సంతకం పెట్టి జీతం తీసుకుందీ నువ్వే కదా? మరి నీ మాట ఎట్లా నమ్మాలి?" రెండూ నిజమే. అవునంది. తలవంచుకుని దిగింది. బయట వరండాలో ఇన్‌స్పెక్టర్ అంది. "ఒక తల్లి అయినా వచ్చి, బిడ్డను ఎక్కడ పడుకోబెట్టేదో చెప్పాలి. లేకపోతే కేసు నిలబడదు. రెబెక్కాకు కూడా సమన్లు పంపించాను."

మంగతాయి తల్లులందరి ఇళ్ళకూ తిరిగింది. కొందరు తలుపు తీయలేదు, కొందరు తీసి మూశారు. కోడలిని మాత్రం అడగలేదు. ఏ మొహంతో అడుగుతుంది?

వాయిదా దగ్గరపడుతుండగా దత్తు వచ్చాడు. పాపం, అతనూ ఇబ్బందిగానే ఉన్నాడు.

"అక్కా, సాబ్ పంపిండు. గది రోజు తెరిచే ఉంటుండె, మేమే పోరన్ని ఆడ ఉంచలే అని రెబెక్క ఒక్క మాట అంటే సాలు. నీ నౌకరి వాపస్, క్వార్టర్ వాపస్, ఆమెకు గూడ పని ఇస్తరు."

"ఆమెకు చెప్పినవా?"

"చెప్పిన. అవునన్లే, కాదన్లే."

ఆ మాట మంగతాయిని నిలవనివ్వలేదు. కోడలు గది తెరిచే ఉండేదంటే రేకుల నీడ మళ్ళీ దొరుకుతుంది, సత్తమ్మ తిట్లు ఆగుతాయి. అలా అనకూడదని తనెవరు చెప్పడానికి? కానీ అలా అంటే పిల్లవాడు దవాఖానలో నీలం తిరిగి పడుకున్నది ఎందుకైనట్టు? మళ్ళీ సంచులే కదా గోడకు వేలాడేది! అనమని ప్రార్థించాలో, అనొద్దని ప్రార్థించాలో తెలియక ఆమె ప్రార్థనే మానేసింది.

వాయిదా రోజు రెబెక్కా పిల్లవాణ్ణి చంకన వేసుకుని ముందు నడిచింది, మంగతాయి వెనకాల. బస్సు దిగి కోర్టు వరండాలోకి చేరారు. మేనేజరు అటు చివర నిలబడి నవ్వాడు. రెబెక్కా అటు ఒకసారి చూసి తల తిప్పుకుంది. మంగతాయి వరండా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది, మళ్ళీ నడిచింది.

బంట్రోతు బయటికి వచ్చి రెబెక్కా పేరు పిలిచాడు. చంకలోని పిల్లవాణ్ణి చూసి గుమ్మంలోనే ఆపాడు. "పోరన్ని లోపటికి తేవద్దు. ఎవరికన్న ఇచ్చి రా."

రెబెక్కా చుట్టూ చూసింది. లెవీ నాగపూర్ దారిలో ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ అప్పటికే లోపల ఉంది. బంట్రోతు రెండోసారి పిలిచాడు. అడిగే ధైర్యం లేక మంగతాయి చేతులు రెండూ కొంగులో దాచుకుని నిలబడింది.

రెబెక్కా నడిచి వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది.

"సంచి సంగతి చెప్తున్న అత్తమ్మా" అంది. "మందు సంగతి గూడ చెప్త. నేను పెట్టింది, నువ్వు పెట్టింది, అందరు పెట్టేది. ఇగ దాపెట్టేది ఏం లేదు."

మంగతాయి తలూపింది.

అప్పుడు రెబెక్కా యోనాను చంకలోంచి తీసి అత్త చేతుల్లో పెట్టింది. కొత్త చెయ్యి తగలగానే వాడు బిగ్గరగా అందుకున్నాడు.

"వీన్ని పండవెట్టకు" అంది రెబెక్కా. "ఏడిస్తే ఏడ్వనియ్."

అని లోపలికి వెళ్ళింది.